సంచులత్త పాసు

బట్టల షాపు పై అంతస్తులో, ట్రయల్ రూముల వెనకాల, కిటికీ లేని చిన్న గది ఒకటుంది. అందులో ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, ఒక ట్యూబులైటు. కొన్న ప్యాంటు పొడుగైతే అంచు మడిచి కుట్టడం, నడుము బిగుతైతే వదులు చేయడం, భుజాలు జారితే పైకి లాగడం అక్కడి పని. బట్టలు బుట్టలో వస్తాయి, బుట్టలోనే పోతాయి. వేసుకునేవాళ్ళ ముఖాలు కుట్టే మనిషి చూడదు, ఆవిడ ముఖం వాళ్ళు చూడరు. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఆవిడకది హాయిగానే ఉండేది.

షాపులో అందరూ ఆవిణ్ణి అక్కా అంటారు. ఇంట్లో మాత్రం ఆవిడ పేరు సంచులత్త. ఆ బిరుదు ఇచ్చింది మేనల్లుడు.

అన్నయ్య కుటుంబం కింది వాటాలో ఉండేది, ఆవిడ మేడ మీద ఒంటి గదిలో. ఊరి చివర పెద్ద పార్కు తెరిచిన కొత్తలో అన్నయ్య సంబరం పట్టలేక ఏడాది పాసు తీసుకున్నాడు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే కార్డు, దాని మీద అందరూ ఉన్న ఫోటో. తీసుకున్నాడే కానీ, సెలవొస్తే అన్నయ్యకి నిద్ర కావాలి, వదినకి కాస్త నిశ్శబ్దం కావాలి. "అత్తా, నువ్వు తీసుకెళ్ళవా?" అంటూ పిల్లలు మెట్లెక్కి వచ్చేవాళ్ళు. అలా ఆదివారం వస్తే చాలు, పెద్దదాన్నొక చేత్తో, చిన్నోణ్ణొక చేత్తో పట్టుకుని బస్సెక్కడం ఆవిడ వంతైంది.

పార్కులో కూడా ఎవరి వంతు వాళ్ళకి స్థిరపడిపోయింది. పట్టాల మీద మెలికలు తిరుగుతూ పోయే బండికి పిల్లలు పాముబండి అని పేరు పెట్టారు. దానికెదురుగా ఒక బెంచీ ఉంది. టోపీలు, నీళ్ళ సీసాలు, చిన్నోడి కళ్ళజోడు, సగం తిన్న పాప్‌కార్న్, అన్నీ ఆవిడ ఒళ్ళో పడేసి వాళ్ళు పరిగెత్తేవాళ్ళు. ఆవిడ కాపలా. దిగొచ్చాక ఇద్దరూ ఒకరి నోరు ఒకరు మూస్తూ చెప్పేవాళ్ళు. "అత్తా, పైనుంచి నువ్వు చీమలా ఉన్నావు!" "చీమ కాదు, చీమ తల!" ఆవిడ వినేది. మళ్ళీ ఎక్కేవాళ్ళు, మళ్ళీ దిగేవాళ్ళు, మళ్ళీ అదే కథ కొత్తగా చెప్పేవాళ్ళు. ఆవిడ డబ్బుతో కొన్న పాప్‌కార్న్‌ని చిన్నోడు క్యూలో దొరికిన ప్రతివాడికీ గుప్పెడు పంచి వచ్చేవాడు. అత్తసొమ్ము అల్లుడు దానం అంటే ఇదేరా అని ఆవిడ నవ్వేది.

ఆదివారమల్లా పార్కుకి తిరిగిన ఆ మనిషి ఒక్కసారి కూడా ఏదీ ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు, తనూ అడగలేదు. అందరూ ఎక్కేస్తే సంచులెవరు చూస్తారు?

ఆ తర్వాత అన్నయ్యకి బదిలీ అయింది. పొద్దున్న బస్సెక్కితే చీకటి పడ్డాక గానీ చేరని ఊరు. సామాను లారీ కదలబోతుంటే పెద్దది ఆవిడ నడుం చుట్టేసి, "అత్తా, పాసు పారేయకు. అయిపోతే మళ్ళీ తీసుకో. సెలవులకి వచ్చేస్తాంగా," అంది. చిన్నోడు డ్రైవరు పక్కన కూర్చున్న గర్వంలో చెయ్యి ఊపడం మర్చిపోయాడు.

ఇప్పుడు కింది వాటాకి తాళం. మెట్ల కింద చెప్పుల స్టాండులో పై వరసన ఆవిడ జత ఒక్కటే, మిగతా వరసల్లో దుమ్ము. షాపు నుంచి వచ్చేసరికి "అత్తొచ్చింది" అని ఎవరూ అరవరు. ఆ అరుపు లేకపోయేసరికి మొదట్లో ఆవిడ సగం మెట్ల మీద ఆగిపోయేది, ఏదో మర్చిపోయి వచ్చినట్టు. ఇంతలో ఒకసారి సెలవులొచ్చాయి, పోయాయి. వదిన ఫోను చేసి, "ఈసారికి కుదరలేదమ్మా, పిల్లలకి ఈత నేర్పిస్తున్నాం," అంది.

అలాంటి రోజుల్లో ఆవిడ ఫోనుకి పార్కు వాళ్ళ సందేశం వచ్చింది. ఊరొదిలేముందు అన్నయ్య పాసుకి ఆవిడ నంబరే ఇచ్చి వెళ్ళాడు. పాసు గడువు ఈ ఆదివారంతో సరి. సాయంత్రం గేట్లు మూసేలోపు వచ్చి తీసుకుంటే పాత ధరకే ఇస్తారు. కింద రెండు గడులు. ఫ్యామిలీ పాసు కావాలా? ఒక్కరి పాసు కావాలా?

చిక్కంతా ఆ రెండు గడుల దగ్గరే వచ్చింది. ఫ్యామిలీది నొక్కితే పిల్లలు వస్తారని నమ్మినట్టు. ఒక్కరిది నొక్కితే, వాళ్ళిక రారని తనే చేవ్రాలు చేసినట్టు. ఏదీ నొక్కకపోతే, ఆదివారం అనేది వచ్చి ఆ మేడ మీద గదిలో తన ఎదురుగా కూర్చుంటుంది. దాంతో ఏం మాట్లాడాలో ఆవిడకి తెలియదు.

బిల్లింగు కౌంటర్లో ఉండే పిల్లకి ఆవిడంటే చనువు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మిషను గదిలోకే వచ్చి తింటుంది.

"ఏంటక్కా, ఫోన్లోకి అలా గుచ్చి గుచ్చి చూస్తున్నావు? సంబంధమేమైనా వచ్చిందా?"

"ఛ, నోర్ముయ్. పార్కు పాసు. మళ్ళీ తీసుకోవాలా వద్దా అని."

"ఇందులో ఆలోచనెందుకు? ఎక్కినన్నిసార్లు ఎక్కావా, గిట్టుబాటైందా, అంతే లెక్క. పోయిన ఏడాది ఏమేం ఎక్కావు?"

ఆవిడ దారం కొరికి తెంపింది. "ఏం ఎక్కలేదు."

"ఏమీనా?"

"బెంచీ మీద కూర్చుంటాను."

ఆ పిల్లకి ముద్ద గొంతులో అడ్డుపడింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "బెంచీకి పాసా అక్కా! మా ఇంటి ముందు ఒక బెంచీ ఉంది, ఏడాదంతా ఊరికే కూర్చో. పైగా టీ కూడా ఇస్తా," అంది.

"పిల్లలు వస్తామన్నారు."

"వస్తే ఆ రోజే టిక్కెట్టు కొను. రాని చుట్టాలకి ముందే పక్కలు పరిచిపెడతారా ఎవరైనా?" అని, ఆవిడ ముఖం చూసి గొంతు తగ్గించింది. "పోనీ ఒక్కదానివే వెళ్తావా? ఒక్కరే వెళ్ళే చోటా అక్కా అది?"

ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది. మిషను చప్పుడులో జవాబు చెప్పే పని ఉండదు.

ఆదివారం రానే వచ్చింది. పాత కార్డుకి ఇంకా ఒక పూట ప్రాణముంది కదా, వెళ్ళి చూస్తే తేలిపోతుంది అనుకుంది. బస్సులో రెండు సీట్ల బల్ల మీద కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు నిండలేదు.

గేటు దగ్గర కార్డులు చూసే మనిషి ఆవిణ్ణి గుర్తుపట్టి చేతులు నడుం మీద పెట్టుకుంది. "ఏంటండీ, ఇవాళ సైన్యం లేకుండా సేనాధిపతి ఒక్కరే వచ్చారు?"

"వెనకాల వస్తున్నారు," అంది ఆవిడ.

అబద్ధం చెప్పాలని కాదు. రారు అని చెబితే ఎందుకు రారు అంటారు, ఎక్కడున్నారు అంటారు, అయ్యో పాపం అంటారు. అన్నిటికీ నిలబడి జవాబులు చెప్పడం కంటే చిన్న అబద్ధం సులువు. ఊరికే ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, గబగబా లోపలికి నడిచింది.

కాళ్ళు వాటంతటవే బెంచీ దగ్గరికి తీసుకుపోయాయి. ఎప్పటిలాగే ఆ చివర గొడుగు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎండైనా వానైనా ఆయన చేతిలో గొడుగుంటుంది. ఇద్దరు మనవరాళ్ళ సంచులు కాపలా కాస్తూ ఆదివారాల్లో ఆయన ఆ చివర, ఈవిడ ఈ చివర కూర్చునేవాళ్ళు. తల ఊపుకోవడమే తప్ప మాటలు సాగలేదు. ఆయనా మాటల పోగు కాదు, ఈవిడ సంగతి తెలిసిందే.

కూర్చుని సంచి తెరిచింది. లోపల రెండు నీళ్ళ సీసాలు, రెండు టోపీలు, తడి తుడుచుకునే తువ్వాలు, చిన్నోడికి ఇష్టమైన క్రీము బిస్కెట్లు. పొద్దున్న చేతులు అలవాటు కొద్దీ సర్దేశాయి. ఎవరి కోసం సర్దుతున్నామో చేతులు మనసునొకసారి అడగొద్దూ?

"మీవాళ్ళు ఎక్కేశారా?" అన్నాడు పెద్దాయన, బండివైపు చూస్తూనే.

"ఆ... క్యూలో ఉన్నారు."

అబద్ధానికి అబద్ధం తోడబుట్టింది. బండి వెళ్ళింది, వచ్చింది. జనం తూలుతూ నవ్వుతూ దిగారు. మళ్ళీ నిండింది, మళ్ళీ వెళ్ళింది. పెద్దాయన గొడుగు పిడి మీద గడ్డం ఆనించాడు. ఆవిడ మాత్రం బండి దిగేవాళ్ళ వైపు మెడ చాచి చూస్తూ, తన అబద్ధానికి తనే కాపలా కాసింది.

ఇంతలో చంకలో పసిపిల్లతో ఒకావిడ వచ్చి, "అక్కా, ఇక్కడే ఉంటారుగా, కాస్త ఈ సంచి చూస్తుండండి," అని పెట్టి వెళ్ళిపోయింది. అది చూసి ఇంకెవరో కాలేజీ పిల్లలు వాళ్ళ బ్యాగులన్నీ తెచ్చి పోగేశారు. "థాంక్సాంటీ!" కాదనడానికి నోరు రావాలి కదా. చూస్తుండగానే బెంచీ బస్టాండైంది.

పెద్దాయన గొడుగు ఎత్తి ఆ పోగు చూపించాడు. "మీ ముఖంలో ఏముందోనండీ, చూడగానే సంచి అప్పజెప్పాలనిపిస్తుంది జనానికి."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే ఫోను మోగింది. పెద్దది! నేనెక్కడున్నానో చెప్పుకో చూద్దాం అని అడుగుదామని నోరు తెరిచింది.

"అత్తా, మేమెక్కడున్నామో చెప్పుకో!" అవతల పెద్దదాని గొంతు, దాని వెనకాల గోల. "పార్కులో! ఇక్కడి పార్కు మనదానికంటే ఎంత పెద్దదో తెలుసా? నాన్న పాసు తీసుకున్నాడు, ఏడాదికి!"

"అవునా తల్లీ."

చిన్నోడు ఫోను లాక్కున్నాడు. "అత్తా, ఇక్కడ పాముబండి తలకిందులైపోతుంది! నిజంగా తలకిందులు!"

"జాగ్రత్తరా. నీ కళ్ళజోడు ఎవరి దగ్గరుంది?"

"లాకర్లో! ఇక్కడ లాకర్లు ఉన్నాయత్తా. సంచులన్నీ దాన్లో పడేసి తాళం వేసుకోవడమే. అందుకే అమ్మ కూడా ఎక్కేస్తోంది! సరే అత్తా, మా వంతొచ్చింది, ఉంటా!"

ఫోను ఆగిపోయాక ఆవిడ దాన్ని సంచిలో, రెండు టోపీల మధ్య పెట్టింది. పిల్లల తప్పేముంది? వాళ్ళు సంతోషంగా ఉన్నారు, ఆ సంతోషం తనకి చెప్పుకోవాలనుకున్నారు. ఎప్పుడూ చేసేదే. దిగొచ్చి చెప్పేవాళ్ళు, ఇప్పుడు దూరం నుంచి చెప్పారు. ఆవిడ పని వినడమే కదా. అయినా, మనిషి కూర్చున్న చోట ఒక ఇనప పెట్టె వచ్చి కూర్చుందంటే, ఏమనుకోవాలో ఆవిడకి తోచలేదు. ఫ్యామిలీ పాసు గడి ఆవిడ మనసులో దానంతటదే మూసుకుపోయింది.

"లాకర్లొచ్చాయంటే మనిద్దరి ఉద్యోగాలూ ఊడినట్టే," అన్నాడు పెద్దాయన. పిల్లాడి గొంతు బెంచీ అంతా వినపడేలా ఉంది మరి.

ఆవిడ సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "మావాళ్ళు క్యూలో లేరండీ. అసలు రాలేదు."

"ఆ క్యూలో అంతసేపు ఉంటే ఈపాటికి పెద్దవాళ్ళయిపోయేవారు," అన్నాడాయన నెమ్మదిగా. "పోనీ మీరెళ్ళి ఎక్కండి."

"నేనా? అమ్మో."

"నా గుండెకి ఆపరేషనైంది. ఇలాంటివి ఎక్కొద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. మీకెవరు రాసిచ్చారు?"

ఆవిడ వెతికింది. కళ్ళు తిరుగుతాయనాలా, వయసనాలా? వెళ్ళలేక మంగళవారం అన్నట్టు, ఏది చెప్పినా అబద్ధమే. పొద్దుటినుంచీ చెప్పినవి చాలనిపించింది.

"ఎవరూ రాసివ్వలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు, అంతే."

"నేనంటున్నాగా."

"మరి నా సంచి?"

"ఇది ఏడాదిగా చేస్తున్న పనే. ఇంకొకటి బరువా?"

ఆవిడ లేచింది. మళ్ళీ వంగి, ఆ పసిపిల్ల తల్లి సంచి ఇది, ఈ బ్యాగులు ఆ కాలేజీ పిల్లలవి, నా సంచి జిప్పు సరిగ్గా పడదు, అని చెప్పుకుపోతుంటే ఆయన గొడుగుతో నేల మీద కొట్టాడు. "అప్పగింతలు చాలు. వెళ్ళండి."

క్యూ మొదట్లో దారి రెండుగా చీలింది. ఒకటి జట్లుగా వచ్చినవాళ్ళకి. రెండోది సన్నగా, కడ్డీ పక్కన, 'ఒంటరిగా వచ్చినవారు ఇటు' అని బోర్డు. ఏడాదిగా ఆ బోర్డు అక్కడే ఉన్నా ఆవిడ ఎప్పుడూ చదవలేదు. బండిలో సీట్లు రెండేసి. బేసి లెక్కలో జనమొస్తే ఒక సీటు ఖాళీగా మిగిలిపోతుంది, దాన్ని నింపడానికి ఈ వరస. మీట దగ్గర నిలబడ్డ కుర్రాడు ఖాళీ కనపడినప్పుడల్లా, "ఒక్కరు! ఒక్కరెవరున్నారు?" అని కేకేస్తాడు.

మొదటి కేకకి ఆవిడ నోరు పెగల్లేదు. వెనకాల ఉన్న అబ్బాయి "నేనున్నా" అని దాటుకుని పోయాడు. రెండో కేకకి నోరు తెరిచింది కానీ గాలే వచ్చింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని తనని తనే తిట్టుకుంది. వెనక్కి పోదామంటే బెంచీ మీద నుంచి గొడుగు ఒకటి ఇటే చూస్తోంది.

"ఒక్కరు! ఒక్కరెవరున్నారు?"

ఆవిడ చెయ్యెత్తింది. బళ్ళో పిల్లలా, నిటారుగా. "నేను. నేనొక్కదాన్నే."

పక్క సీట్లో ముందు పళ్ళూడిన చిన్నపిల్ల ఉంది. వాళ్ళ అమ్మ తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. కడ్డీ వచ్చి ఇద్దరి ఒళ్ళో బిగుసుకుంది.

"ఆంటీ, మీకు భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నాక్కూడా. అయితే చెయ్యి పట్టుకోండి."

పట్టుకుంది. బండి గట్టిగా కీచుమంటూ పైకి పాకింది. చెట్ల కొసలు కిందికి దిగిపోయాయి, పార్కు చుట్టూ ఉన్న గోడ కనపడింది, దానవతల బస్సులు, డాబాలు. ఆవిడ బెంచీ కోసం వెతికింది. దొరికింది. నిజంగానే చీమంత. ఇంతెత్తు నుంచి, ఇంత భయంలో, పిల్లలు ఎక్కిన ప్రతిసారీ ఆ చీమ కోసం వెతికేవాళ్ళన్నమాట. వెతక్కపోతే కనపడే చోటు కాదది. ఈ సంగతి ఆవిడకి ఇప్పుడు తెలిసింది. పక్కకి తిరిగి చెప్పుకుందామంటే చేతిలో ఉన్న చెయ్యి ఎవరిదో.

బండి పడింది. ఆవిడ అరిచింది. తన గొంతు అంత పెద్దదని అంతవరకు ఆవిడకి తెలియదు. మలుపులో అరిచింది, మెలికలో అరిచింది, పట్టాలు తిన్నగా ఉన్నచోట కూడా ఊరికే అరిచింది. పక్కన పిల్ల భయం మర్చిపోయి ఆవిణ్ణి చూసి ఒకటే నవ్వు.

బండి ఆగి కడ్డీ లేవగానే ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని, "అమ్మా! ఆ ఆంటీ ఎలా అరిచిందో చూశావా!" అంటూ పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తుంది? ఆవిడ అరచేతిలో చిన్న గోళ్ళ గుర్తులు కాసేపు ఎర్రగా ఉండి, మెట్లు దిగేసరికి మాసిపోయాయి.

బెంచీ దగ్గర పసిపిల్ల తల్లి సంచీ లేదు, కాలేజీ బ్యాగులూ లేవు. పెద్దాయన మనవరాళ్ళు ఆయన్ని చెరో రెక్కా పట్టి లాగుతున్నారు. "తాతా, బస్సు పోతుంది!" ఆయన మాత్రం ఒక కాలు బెంచీకి తన్నిపెట్టి, ఆవిడ సంచి గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

"ఇదిగోండి. లెక్క సరిపోయిందా? ఎలా ఉంది?"

"పైనుంచి..." అంది ఆవిడ. ఊపిరి అందలేదు. చెప్పాల్సింది బోలెడుంది. చీమ సంగతి, గోడవతల బస్సులు, తన అరుపు, పళ్ళూడిన పిల్ల. ఏది ముందు చెప్పాలో తేల్చుకునేలోపు మనవరాళ్ళు తాతని గేటువైపు తిప్పేశారు.

"మళ్ళీ వచ్చినప్పుడు చెబుదురుగాని!" అని ఆయన వెనక్కి అరిచాడు. గొడుగు జనంలో కలిసిపోయింది.

ఆవిడ బెంచీ మీద కూర్చుంది. ఆదివారాలన్నీ ఎన్నో కథలు విన్న చోటు. ఇప్పుడు తన దగ్గరొక కథ ఉంది, వినేవాళ్ళు లేరు. క్రీము బిస్కెట్లు విప్పి ఒకటి తింది. చిన్నోడు చేసినట్టు రెండు ముక్కలు విడదీసి, క్రీము ముందు నాకి.

దీపాలు వెలిగాయి. గేట్లు మూసే వేళైంది. పాసుల కిటికీ దగ్గర ఆవిడ ఒక్కర్తే ఉంది. లోపలి అమ్మాయి పాత కార్డు తీసుకుని మిషన్లో పెట్టింది. "ఎంతమందికండీ?"

"ఒక్కరికి."

ఈసారి గొంతు పెగలడానికి మూడు కేకలు అక్కర్లేకపోయింది.

"పాత కార్డు వెనక్కి ఇవ్వమండీ. పర్లేదా?"

ఆవిడ ఆ ఫోటో వైపు చూసింది. అన్నయ్య, వదిన, ముందు పిల్లలిద్దరూ. అంచున, పెద్దదాని జడ వెనకాల, సగం తెగిపోయిన తన ముఖం. "పర్లేదు," అంది.

"అయితే అటు తెల్లగోడ ముందు నిలబడండి. కొత్త ఫోటో తీయాలి."

ఆవిడ వెళ్ళి నిలబడింది. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, జుట్టు సవరించుకుని, కెమెరా వైపు చూసింది. అమ్మాయి కెమెరాలోంచి చూసి తల పక్కకి పెట్టింది.

"ఏంటండీ, గోడ చివర నిలబడ్డారు? సగమే పడుతున్నారు. మధ్యలోకి రండి."

ఆవిడ ఒక అడుగు జరిగింది.

"ఇంకా రండి. ఇంకెవరూ లేరుగా."

ఆవిడ తన పక్కన మిగిలిపోయిన తెల్లగోడ వైపు ఒకసారి చూసింది. రెండు తలలు పట్టేంత చోటు. మెల్లగా జరిగి ఆ చోట్లో నిలబడింది.